గడ్డం దించి గుక్కెడు

"గడ్డం దించావా, మావా?"

"దించానే. నువ్వు గొంతు తగ్గించు."

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. మధ్యాహ్నం టీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, అరగంట గోడకి ఆనుకుని కూర్చుని, తరవాత పడుకున్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఏడ్చాను, ఏడవకుండా ఎలా ఉంటాను. కానీ ఆ గ్లాసు అడుగున చుక్క మిగల్లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే మనిషికి నోటి దారిన చెంచాడు నీళ్ళు కూడా పోవేమో అన్నారు. ఎలా పోయాయో చెప్పాలని నాకు ఎన్నాళ్ళనుంచో ఆరాటం. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. నగరం ఊళ్ళో వాళ్ళ అమ్మమ్మకి నీళ్ళు తాగినప్పుడల్లా పొలమారుతోందని నిన్న మాటల్లో అంది. విన్న దగ్గరనుంచి నాకు కాలు నిలవడం లేదు.

మేం రేపల్లెలో ఉండేవాళ్ళం. మావ బళ్ళో అటెండరు. మా వీధికి మొదటి టీవీ వచ్చిన ఏడాది, బడిగంట కొట్టబోతూ పడిపోయాడు. పక్షవాతం. కుడి పక్క పడిపోయి, మూతి వంకరపోయి, మాట ముద్దగా అయింది. పది రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. ఇడ్లీ బాగానే తినేవాడు. నీళ్ళు తాగితే మాత్రం దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారులే అనేవాళ్ళు. నేనూ తట్టాను. తట్టి, ఎవరెవరు తలుచుకుంటున్నారో పేర్లు కూడా చెప్పాను. నాలుగో రోజు మావే అన్నాడు, "రోజుకి పదిసార్లు తలుచుకోడానికి మనకెవరున్నారే?"

నాకు అప్పుడు భయం పట్టుకుంది. టీ తాగాక ఆయన మాట్లాడితే నీళ్ళకుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు గరగరమనేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రెండూ చూశాను గానీ రెంటినీ కలపడం నాకు తెలియలేదు. పాసింజరు రైలెక్కించి తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరుగారు ఛాతీ విని, నెమ్ము చేసింది అన్నారు. గొంతులో గాలిదారి మీద ఒక మూత ఉంటుందట. మనం మింగేటప్పుడు అది మూసుకోవాలి. పక్షవాతం వల్ల ఈయనకి ఆలస్యంగా మూసుకుంటోంది. నీళ్ళు తొందరగా జారతాయి కాబట్టి మూత పడేలోపే ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. చిక్కటివి నెమ్మదిగా జారతాయి కాబట్టి ఇడ్లీ దిగింది. అంత చదువు ఆయన నాకు రెండు నిమిషాల్లో చెప్పారు, ఇప్పటికీ మరిచిపోలేదు. పాలూ జావా పొయ్యడానికి ముక్కులోంచి గొట్టం వేశారు. మావ మంచి చేత్తో దాన్ని లాగేసుకోబోతుంటే నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని.

జ్వరం తగ్గింది. ఆదివారం పొద్దున గొట్టం తీసి నోటితో పట్టించి చూద్దామనీ, అప్పుడూ పొలమారితే మళ్ళీ గొట్టం వేసి దానితోటే ఇంటికి పంపిస్తామనీ అన్నారు. శనివారమంతా వార్డులో సిస్టరమ్మ ఖాళీ గ్లాసుతో నేర్పించింది. నిటారుగా కూర్చోవాలి, గడ్డం గుండెకి ఆనించాలి, చిన్న గుక్క తీసుకుని మింగాలి, ఉత్తినే ఇంకోసారి మింగాలి, అప్పుడు నోరు తెరిచి 'ఆ' అనాలి. గొంతు గరగరమంటే ఆపెయ్యాలి.

ఏం లాభం. గ్లాసు చేతికిస్తే మావ తల పైకెత్తి, గ్లాసు జానెడు ఎత్తున వంచేవాడు. చిన్నప్పుడు బాపట్ల హాస్టల్లో పెరిగాడు. వందమంది పిల్లలు, నాలుగు గ్లాసులు, పెదవి ఆనిస్తే వార్డెను బెత్తం దెబ్బ. యాభై ఏళ్ళు ఎత్తి పోసుకునే తాగాడు. నీ గ్లాసే కదా తాతా అని సిస్టరమ్మ బతిమాలింది. ఎంగిలి అన్నాడు. పెదవికి ఆనించి పట్టినా తల దానంతటదే పైకి లేచేది.

ఆదివారం గొట్టం తీశారు. సిస్టరమ్మ చిక్కటి గంజి చెంచాతో పట్టింది. తల లేచింది, దగ్గు వచ్చింది. డాక్టరుగారు మళ్ళీ గొట్టమేనని కాగితం మీద రాయబోతున్నారు. అప్పుడే పక్క వీధి చర్చిలో గంట మోగింది. నాకు చటుక్కున గుర్తొచ్చింది. ఈ మనిషి పెదవి ఆనించే గిన్నె ఒకటుంది. నెలకోసారి చర్చిలో ప్రభువు సంస్కారమప్పుడు మోకాళ్ళూని, తల వంచి, పాస్టరు అయ్యగారు పట్టిన గిన్నెలోంచి గుక్కెడు ద్రాక్షరసం తాగుతాడు.

"అయ్యా, ఒక్కసారి నన్ను పట్టనివ్వండి" అన్నాను.

కప్పులో గంజి పోసుకుని ఎదురుగా నిలబడ్డాను. "మావా, చేతులు కట్టుకో. సంస్కారం" అన్నాను. నా మొహం చూశాడు. మంచి చెయ్యి చచ్చుపడ్డ చేతి మీద వేసుకున్నాడు. తల వంగింది. గడ్డం వెళ్ళి గుండెకి ఆనింది. కప్పు పెదవికి ఆనించాను. సిస్టరమ్మ ఆయన గొంతు మీద వేళ్ళుంచింది. గొంతు మీది ముడి పైకి లేచి కిందకి దిగింది. మళ్ళీ లేచి దిగింది. దగ్గు లేదు. 'ఆ' అనమంది సిస్టరమ్మ.

"ఇంత బొంగురుగొంతు అయ్యగారిని నేనెక్కడా చూళ్ళేదు" అన్నాడు మావ.

ముద్దగా అన్నాడు, కానీ గరగర లేదు. డాక్టరుగారు కలం మూసి నవ్వారు. నేను నవ్వానో ఏడ్చానో తెలియదు గానీ వార్డంతా నా వైపే చూసింది. సంస్కారం పేరు అలా వాడుకోవడం తప్పేమోనని తరవాత మా అయ్యగారిని అడిగితే, తల వంచి తాగాడుగా అని ఊరుకున్నారు.

రెండు నెలలు చిక్కటి రాగిజావ, ఆ తరవాత డాక్టరుగారు సరేనన్నాక నీళ్ళు, టీ. తాగాక అరగంట కూర్చోవడం. గుక్కగుక్కకీ నేను అరిచిన అరుపు వీధి చివరికి వినపడేది.

అమ్మాయ్, నెత్తి మీద తట్టి ఊరుకోకుండా ముందు డాక్టరుకి చూపించాలని రాశావా? పొద్దున్నే నగరం బస్సెక్కుతున్నాం, మీ అమ్మమ్మ ముందు ఒక్క ముక్క తప్పడానికి వీల్లేదు. ఏదీ, మొదటినుంచి చదివి వినిపించు.