చెవికి అందని చెయ్యి

మొయినాబాద్‌లో మా పెద్ద టీచరమ్మ పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పారు, నువ్వు కళ్ళారా చూశావా అని ఫోన్ చేసిన అమ్మాయినే ఎదురు ప్రశ్నలు వేశాను. ఒక మాట వింటే రెండు ప్రశ్నలు వేయడం టీచరమ్మ దగ్గర నేర్చుకున్న విద్యే. సాయంత్రం వెళ్ళేసరికి సమాధుల తోటలో జనం కిక్కిరిసి ఉన్నారు. బతికి ఉంటే ఆ జనాన్ని చూసి, "గింతమంది ఎందుకొచ్చిన్రు? ఏం పనుండి?" అని నా చెవిలో తప్పకుండా అడిగేవారు.

నేను చేవెళ్ల బడిలో కొత్త టీచరుగా చేరింది అరవై తొమ్మిది ఉద్యమం రోజుల్లో. బస్సుల మీద సున్నంతో జై తెలంగాణ అని రాసి ఉండేది. నెలల తరబడి మూతబడిన బళ్ళు వానాకాలంలో మళ్ళీ తెరుచుకుంటున్నాయి. ఎవరు ఎవరికి లోపల లోపల మాట ఇచ్చారో తెలియక, హోటల్‌లో చాయ్ తాగేవాడు కూడా పక్కవాడిని ఓరకంట చూసే కాలం అది. పెద్ద టీచరమ్మ నన్ను నిలువెల్లా చూసి, "ఎవలు పంపిన్రు నిన్ను?" అన్నారు. సర్కారు పంపిందన్నాను.

"గది కాయితం మీద. అసలు పంపింది ఎవలు?"

నాకు ఒళ్ళు మండింది. పంపినవాళ్ళు ఎవరూ లేరని ఆమె నమ్మేసరికి దసరా వచ్చింది.

పిల్లలను బడిలో చేర్చుకునే పని ఆమెది. ఆ చేరికల నెలలో ఆమె ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. చర్చిలో చివరి వరుసలో కూర్చుని, ఆరాధన కాగానే ఎవరూ పలకరించకముందే జారుకునేవారు. "గీ నెలల ఊకెనే ఎవ్వరు నవ్వరు బిడ్డా. నవ్వుకుంట వొచ్చినోన్ని జర ఎక్కువ చూడు" అనేవారు. తన మీద తనకూ నమ్మకం తక్కువే. చర్చివాళ్ళ పిల్లలు వస్తే నన్ను పిలిచి, "నువ్వు చూడు, నా మనసు మెత్తగయితది" అని పక్కకు తప్పుకునేవారు. అయినా రైతులు ఆమె సీట్లన్నీ చర్చివాళ్ళకే ఇస్తున్నదని అనుమానించారు. చర్చివాళ్ళు ఆమె రైతులకు భయపడుతున్నదని అనుమానించారు. రెండు వైపుల నుంచీ తిట్లు పడుతున్నంత కాలం త్రాసు సరిగానే ఉన్నదని ఆమె లెక్క.

ఆ ఏడు ఒకటో తరగతికి గది ఒక్కటే, పిల్లలు మాత్రం రెండు ఈడులవాళ్ళు, ఐదేళ్ళవాళ్ళూ ఆరేళ్ళవాళ్ళూ. బడి మూతబడి చేరిక ఆలస్యమైన పెద్దపిల్లలకే ముందు చోటు అని ఆమె అందరి ముందూ చెప్పారు. అంటే ఆరేళ్ళు దాటినవాళ్ళకు. పుట్టిన తేదీ ఎవరి దగ్గరుంది? చెరువు నిండిన ఏడు పుట్టిండు, బర్రె ఈనిన నెల పుట్టింది అని తల్లులు చెప్పేవారు. అందుకే అన్ని బళ్ళలోలాగే మా బడిలోనూ చేతి కొలత. కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందితే ఆరేళ్ళు, అందకపోతే వచ్చే ఏడు. కొందరు ఇంటి దగ్గరే పిల్లలకు తల వంచడం నేర్పి తెచ్చేవారు. పెద్ద టీచరమ్మ తన అరచేతిని పిల్లవాడి నడినెత్తిన పెట్టి తల నిటారుగా నిలిపేవారు. ఆ చేతి కింద దొంగవేషాలు సాగేవి కావు.

ఆ రోజు ఆలూరు నుంచి ఒక పెద్దమనిషి మనవడిని తీసుకొచ్చాడు. పిలిస్తే ఊళ్ళో నలుగురిని వెంట నిలబెట్టగలిగినవాడు. పాలేరు నెత్తిన మక్కకంకుల గంప.

"మా మన్మడు టీచరమ్మా. జర చూడుండ్రి."

"చూస్త. గంప మాత్రం వాకిట్లకెల్లి తీపియ్యి" అన్నారు ఆమె. అతను నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె మామూలుకన్నా గట్టిగానే పిల్లవాడి తల పట్టుకుని చూశారు. బొద్దుగా ఉన్న పిల్లవాడు చెవిని చక్కగా అందుకున్నాడు. ఇక చేసేదేముంది, పేరు రాసుకున్నారు.

వాడి తరువాత ముడిమ్యాల నుంచి ఒక తల్లి, పుల్లలాంటి ఆడపిల్ల. చెయ్యి చెవికి కొంచెం పైననే ఆగిపోయింది. పిల్ల మునివేళ్ళ మీద లేచింది. మునివేళ్ళ మీద లేస్తే చెయ్యి పెరుగుతుందా పాపం.

"ఏడేండ్లు ఉంటయి అవ్వా. నీ కాళ్ళు మొక్కుత" అన్నది తల్లి.

"అందరు గట్లనే అంటరు. వచ్చే ఏడు తీస్కరా."

"వచ్చే ఏడు దాక వాళ్ళ నాయిన ఆగడు. మేకలెంబడి తోలుతడు. మేకలెంబడి వోయినంక బడికెట్లొస్తది?"

పెద్ద టీచరమ్మ కరగలేదు. పిల్ల నోరంతా తెరిచి ఏడ్చింది. తల్లి పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది.

జనం పలచబడ్డాక చూస్తే, ఆలూరు పిల్లవాడు ఇంకా వరండా మెట్ల మీదే కూర్చుని కాల్చిన కంకి కొరుకుతున్నాడు. పెద్ద టీచరమ్మ వాడి ముందు నిలబడిపోయారు. వంగి వాడి నోట్లోకి చూశారు.

"గీనివన్నీ పాలపండ్లే. ఒక్కటి గూడ కదల్లే" అన్నారు. తరువాత నా వైపు తిరిగారు. "ఆ పిల్ల ఏడ్చినప్పుడు చూసినవా? ముందటియి రాలిపోయి కొత్తయి వొస్తున్నయి."

నేను చూడలేదు. ఆమె చూశారు, చూసి కూడా చేతినే నమ్మారు.

"గిన్నేండ్లు నేను కొలిచింది వయసు గాదు పిల్లా. ఇంట్ల వెట్టిన బువ్వ."

 ప్రతి మనిషినీ అనుమానించిన ఆమె ఆ కొలతను మాత్రం ఏనాడూ అనుమానించలేదు.

మరునాడు, అప్పటిదాకా చేరిన పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి నోరు తెరవమన్నారు. ఆలూరు పిల్లవాడిని వచ్చే ఏడు రమ్మని పంపించారు. మధ్యాహ్నానికి తాత ఊగిపోతూ వచ్చాడు. వెనక నలుగురున్నారు.

"పండ్లు జూసి ఎడ్లను కొంటరు. పిల్లలను బళ్ళె ఏసుకుంటరా?"

"ఎడ్ల కాడ మోసపోవద్దనే గద నోరు జూస్తవు? నేను గూడ గందుకే చూసిన."

"మీ చర్చోళ్ళ కోసం చోటు ఖాళీ చేస్తున్నవు. బడి మల్ల బంద్ అయితది, చూస్కో."

ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. ఉద్యమం పేరు చెప్పి పిలిస్తే బడి ముందు కూర్చోవడానికి జనానికి కొదవలేదు.  ఆమె మాత్రం చేరినవాళ్ళ పేర్లన్నీ పైకి చదివి, "వీళ్ళల్ల చర్చోళ్ళు ఎవలో నువ్వే చూపియ్యి" అన్నారు. అతను విన్నాడు కానీ నమ్మలేదు. ఆ తరువాత చాన్నాళ్ళు మేము బస్సు దిగినప్పుడల్లా అతని మనుషులు ఎవరో ఒకరు మా వెనకే బడి దాకా నడిచి వచ్చేవారు.

తాత వచ్చి వెళ్ళిన రోజే సాయంత్రం ఆమె, నేను ముడిమ్యాలకు నడిచాం. ఆ తల్లి గుడిసె ముందు మమ్మల్ని చూసి పిల్లను కొంగు వెనక్కి లాక్కున్నది.

"మల్ల ఏం గొలుస్తరు?" అన్నది.

"ఏం గొలువ. తప్పు నాది. పిల్లను బడికి తోలు."

"నిన్న వద్దన్నరు, ఇయ్యాల ఇంటికొచ్చిన్రు. ఎవలు పంపిన్రు మిమ్ముల?"

నాకు నవ్వు రాబోయింది, టీచరమ్మ ముఖం చూసి ఆగిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. పెద్ద టీచరమ్మ అందరికీ వినపడేట్టు, "నాకు వయసు చూసుడు రాలే. పిల్లది తప్పులేదు" అని మళ్ళీ చెప్పారు. అంత అనుమానపు మనిషి తనను అనుమానిస్తున్న వాళ్ళ ముందు అట్లా చేతులు కట్టుకుని నిలబడింది. ఆ సాయంత్రం నేను చూడకపోయి ఉంటే, నిజాయితీ అంటే ఎవరి గంపా ముట్టకపోవడమే అనుకుని పింఛను దాకా బతికేసేదాన్ని. ఆ ఒక్కదానికి ఆమెకు జన్మంతా రుణపడి ఉన్నాను.

పిల్ల బడికి వచ్చింది. కిటికీ పక్కన కూర్చునేది, పలక మీద అక్షరాలు గట్టిగా దిద్దేది. మా బడిలో చేతి కొలత మళ్ళీ ఎవరికీ పెట్టలేదు. కానీ ఆ సంగతి పిల్లకు ఎవరు చెప్పాలి? పెద్ద టీచరమ్మ వరండాలో అటుగా వెళ్ళినప్పుడల్లా అది పలక ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతిని తల మీదుగా తిప్పి, చెవిని అందుకోవాలని సాగదీసేది. ఆమె కనుమరుగయ్యేదాకా చెయ్యి దించేది కాదు. "వద్దు బిడ్డా, దించు" అని ఆమె బతిమాలారు. ఆమె దగ్గరికి వచ్చిన కొద్దీ పిల్ల ఇంకా సాగదీసేది.

ఆ వానాకాలమంతా పెద్ద టీచరమ్మ వరండా మీదుగా నడవలేదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, బడి వెనక బురదలో గోడ పక్క నుంచి, కిటికీల కింద తల వంచుకుని తన గదికి పోయేవారు.