తల ఊపడం నేర్పిన మూడు రోజులు

మొన్న తిరుపతిలో వకీలు గదిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా మూడుకాళ్ళ మీద వీడియో కెమెరా నిలబెట్టారు. నేను వీలునామా రాస్తున్నాను. రాసేటప్పుడు నా బుర్ర సరిగా పనిచేస్తున్నదని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి సాక్ష్యం కావాలట. కుర్ర డాక్టరు ఒకాయన దగ్గరికి జరిగి, "తాతా, ఈరోజు ఏం వారం?" అన్నాడు. "గోడకు క్యాలెండరు వేలాడతా ఉండాది, దాన్నడక్కుండా నన్నడగతావేంది నాయనా" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ కెమెరా మీద ఎర్రచుక్క వెలగడం చూడగానే నవ్వు మధ్యలోనే ఆపేశాను. మనిషి తెలివిలో ఉన్నాడా లేడా అని ప్రశ్నలడిగి తేల్చే పనిని నేను అంతకుముందు ఒకసారి చూశాను. రెండో పెద్ద యుద్ధం ముగిసిన మరుసటేడు, చిత్తూరు దగ్గర మా ఊళ్ళో, మా నాయన మంచం పక్కన.

మా నాయన బెల్లం బండి తోలేవాడు. ఊళ్ళ వెంట గానుగల దగ్గర బెల్లం ఎత్తుకుని చిత్తూరు మండీలో దించడం ఆయన పని. అలా ఏళ్ళ తరబడి ఎద్దుల వెనక నడిచి, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలబావి కింద ఒక చేను కొన్నాడు. ఈ గట్టున దగ్గితే ఆ గట్టున వినిపించేంత చేను. అది నా కోసం కొన్నది కాదు. నేను అయ్యవారి నడకను ఆయన వెనకే నడిచి చూపించి అయిదో తరగతిలో బడి నుంచి బయటపడ్డవాణ్ణి. బండి అప్పగిస్తే ఎద్దులకు కథలు చెబుతూ దారి తప్పించేవాణ్ణి. చేను మా అక్క కోసం. ఆమెకు చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. ఒకసారి పొయ్యి ముందర పడిపోయి కుడిచెయ్యి కాల్చుకుంది, వేళ్ళు ముడుచుకుపోయాయి. ఇక పెళ్ళి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తాను పోయాక ఆమెకు ముద్ద ఎవరు పెడతారన్నదే నాయన భయం. ఆ భయం రోజూ ఆయనకంటే ముందు నిద్ర లేచేది.

భయపడడానికి కారణం మా పెదనాయన. అన్నదమ్ములం ఇంకా వేరుపడలేదు గనక తమ్ముడు కొన్న చేను కూడా ఉమ్మడిదే అనేవాడు. "ఆ పిల్లకింత కూడు నేను పెట్టనా? మా గొడ్లపాకలో వాన పడని మూల ఒగటి ఉండాది" అని మా అమ్మతో అన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు. అందుకే అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, ఒక ఉపాయం చెప్పాడు: "బావా, మీయన్నను కాణిపాకం పిలుసుకపోయి నీళ్ళలో ముంచి ప్రమాణం చేయిద్దాం." నాయన చుట్ట ఆర్పి, "మునిగినోడు గట్టెక్కి తల తుడుసుకుంటే అన్నీ మర్సిపోతాడప్పా. కాగితం తల తుడుసుకోదు" అన్నాడు.

అలా చిత్తూరులో దస్తావేజులు రాసే ఒకాయన దగ్గరికి వెళ్ళారు. వీలునామా రాస్తే పోయిన తర్వాత తగాదా పెడతారు, బతికుండగానే ట్రస్టు దస్తావేజు రాయించమన్నాడాయన. చేను అక్క పోషణకే. అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని ఎవరికీ హక్కు లేదు. పంట చూసి ఆమెకు కూడూ గుడ్డా అమర్చే బాధ్యత మేనమామది. ఆమె తర్వాతే అది నాకు. కాగితంలో బాధ్యత దగ్గర నా పేరు లేదని విన్నప్పుడు, "పని తప్పింది" అని నవ్వేశాను. నాయన సంతకం చేశాడు, సాక్షులూ చేశారు. ఇక రిజిస్టరు చేయించడమొకటే మిగిలింది. ఆ బయలుదేరే ఉదయమే నాయన బండి కట్టబోయి ఎద్దుల మధ్య కూలబడ్డాడు. కుడిపక్క చచ్చుబడింది. మాట పోయింది.

రిజిస్టరు కాని ఆ కాగితం ఒట్టి కాగితమే. మామ పరుగున చిత్తూరు వెళ్ళి రిజిస్ట్రారును బతిమాలితే, మంచం పట్టినవాళ్ళ ఇంటికి రావచ్చని, నాలుగో రోజు వస్తానని చెప్పాడట. సంతకం మీదేనా, ఏం రాశారో తెలుసా అని అడుగుతాడు, తల ఊపితే చాలు. మనిషి తెలివిలో లేడనిపిస్తే మాత్రం పుస్తకం మూసి వెళ్ళిపోతాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇల్లు బడి అయిపోయింది. నేను పారిపోయిన బడికంటే ఘోరమైన బడి. అమ్మ గంజి గరిటె పైకెత్తి, "సంతకం నీదేనా? తల ఊపబ్బా" అనేది. ఊపితేనే గంజి. మామ వచ్చి "చేను పాపకేనా బావా?" అనేవాడు. నేను "తెలిసే రాసినావా నాయనా?" అనేవాణ్ణి. రెండో రోజుకు ఆయన మేం నోరు తెరవకముందే ఊపడం మొదలుపెట్టాడు. మా తెలివికి మేమే మురిసిపోయాం.

రిజిస్ట్రారు ఒంటెద్దు బండిలో వచ్చాడు. వెనక గుమాస్తా, గుడ్డలో చుట్టిన పెద్ద పుస్తకం. పెదనాయన అప్పటికే వక్కాకు నములుతూ మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సంతకం మీదేనా అన్నాడు రిజిస్ట్రారు. నాయన ఊపాడు. ఏం రాశారో తెలుసా. ఊపాడు. అప్పుడు పెదనాయన మెల్లగా, "అయ్యా, మావోడు దేనికైనా ఊపతాడు. అడిగి సూడండి" అన్నాడు. రిజిస్ట్రారు అమ్మను చూపించి, "ఈమె మీ చెల్లెలా?" అన్నాడు. నాయన ఊపాడు. "మనమిప్పుడు మద్రాసులో ఉన్నామా?" ఊపాడు. రిజిస్ట్రారు పెన్నుకు మూత పెట్టి లేచాడు.

అక్క నడవలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. మూర్ఛ వచ్చే ముందు అదిరినట్టు ఆమె గడ్డం అదురుతోంది. "అబ్బోడా, ఆయప్ప పోతాండాడా?" అంది నాతో. భయం వేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు దేవుడికి మొక్కుతారు. నా నాలుకకు తెలిసిన పని ఒకటే. మంచం దగ్గర గొంతుక్కూర్చుని, "నాయనా, మామకెందుకీ తంటా? చేను నాకు రాసెయ్. దాన్నమ్మి సైకిలు కొంటా. అక్కను ఎనక కూసోబెట్టుకోని తిరుపతంతా తిప్పతా" అన్నాను. "గమ్మునుండరా" అని మామ పళ్ళు నూరాడు.

నేను నాయన తలనే చూస్తున్నాను. దానికి కూడా ఊపితే అక్క గొడ్లపాకలోకి వెళ్ళినట్టే. ఇంకో భయం కూడా ఉంది, దాన్ని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు: ఊపితే బాగుండునని నాలో ఏదో మూల ఆశగా ఉంది. ఆయన తల కదల్లేదు. కళ్ళు మెల్లగా నావైపు తిరిగాయి. ఎడమచెయ్యి దుప్పట్లోంచి వచ్చి నా చెవి పట్టుకుని, పదేళ్ళప్పుడు మెలిపెట్టినంత గట్టిగా మెలిపెట్టింది. తర్వాత అదే చెయ్యి పైకి లేచి, స్తంభం దగ్గరున్న అక్కను చూపించింది.

రిజిస్ట్రారు మళ్ళీ కూర్చున్నాడు. "ఇంకోసారి అడుగవయ్యా" అన్నాడు నాతో. చెవి మండుతుంటే, "నాకు రాయవా నాయనా?" అన్నాను. మూడు రోజులుగా కిందికీ మీదికీ తప్ప కదలని తల, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, నిదానంగా తిరిగింది. రిజిస్ట్రారు పెన్ను మూత తీశాడు. సంతకం ఎవరిదో, చేను ఎవరికో ఒక్కొక్కటే అడిగాడు, తప్పు ప్రశ్నలు కూడా మధ్యలో కలిపి. నాయన ఒక్కటీ పొరబడలేదు. ఎడమ బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నారు. పెదనాయన అరుగు దిగుతూ, "కన్నకొడుకునే నమ్మనోడు నన్నేం నమ్మతాడు" అని వక్కాకు ఉమ్మేసి పోయాడు.

అక్క ఆ చేని గింజలు ముప్పైయేళ్ళకు పైగా తిన్నది. గొడ్లపాక వైపు ఆమె ఒక్కరోజు కూడా పోవలసి రాలేదు. నా పరాచికమే ఆమెకు కూడు పెట్టిందని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు, నేనూ అలాగే చెప్పి నవ్విస్తాను. నాయన ఆ తర్వాత ఇరవై రోజులున్నాడు. రోజూ పక్కన కూర్చుని కాళ్ళు పట్టాను, ఊళ్ళో సంగతులు చెప్పాను. ఆయన కాదన్నది సైకిలునా, నన్నా అని మాత్రం అడగలేదు, తల ఎటు తిప్పుతాడోనని. ఇప్పుడు నేను ఆయన చేరని వయసుకు వచ్చాను. కాలం నా పళ్ళూ జుట్టూ చెవుల వినికిడీ ఒక్కొక్కటే పట్టుకుపోయింది గాని, ఆ మంచం పక్కన గొంతుక్కూర్చున్న ఇరవై రెండేళ్ళవాణ్ణి మాత్రం ఇంకా లేపలేదు.