కింది గీతకు అరంగుళం కింద

వర్తూరులో మనిషి రోడ్డు మీద కిందపడితే లేపడానికి ఒకరో ఇద్దరో వస్తారు. అదే రోడ్డు మీద కారు బానెట్ ఎత్తితే అయిదుగురు వచ్చి తలలు దూరుస్తారు. ఎవరినీ పిలవక్కర్లేదు. ఎత్తిన బానెట్ వీధిలోని మగవాళ్ళకి బొట్టు పెట్టి చెప్పిన పిలుపులాంటిది.

జయరామప్ప ఈ సంగతి కనిపెట్టింది యాభై మూడో ఏట, భార్య పోయిన నాలుగో నెలలో.

అతను జిగణిలో బోల్టుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. ఆరు రోజులు కంపెనీ బస్సులో పోయి, పొద్దంతా బోల్టులతో గడిపి, అదే బస్సులో వచ్చేస్తాడు. బోల్టులు బదులు చెప్పవు. అంబిక ఉన్నన్నాళ్ళూ ఆ లోటు తెలియలేదు, ఇద్దరి వంతూ ఆమే మాట్లాడేది. పిల్లలు లేరు. ఆమె పోరు పడలేక కొన్న అయిదు సీట్ల కారు ఒకటి ఉంది. అమ్మినవాడు దాన్ని ఫ్యామిలీ కారన్నాడు. ఇప్పుడా ఫ్యామిలీ మొత్తం స్టీరింగు వెనకే పట్టేస్తోంది.

ఆ ఆదివారం పొద్దున ఏమీ తోచక కారు తుడుస్తూ బానెట్ ఎత్తాడు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో, ఇంజనును చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ కింది గీతకు అరంగుళం కింద ఉంది. చెంబుతో నీళ్ళు తెచ్చాడో లేదో, ఎదురింటి మహబూబ్ బాషా వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్ళు మెకానిక్కుగా చేసినవాడు. షెడ్డు ఉన్న చోట అపార్టుమెంటు లేచాక చేతులకు పనిలేకుండా ఉన్నాడు. అతని వెనకే పాలబూత్ గురుమూర్తి, ఇంకో ఇద్దరు.

"ఏ నీళ్ళప్పా అవి?" అన్నాడు బాషా.

"బోరు నీళ్ళు భాయ్."

"బోరు నీళ్ళు పోస్తే లోపలంతా సున్నం కట్టేస్తాది. నీకు కిడ్నీలో రాయి వచ్చినట్ల."

"కావేరి నీళ్ళు పొయ్యప్పా," అన్నాడు గురుమూర్తి.

"మన నోట్లోకే వారానికి రెండు దినాలు వస్తాది కావేరి. కారుకు పోస్తాడంట, మహారాజు," అన్నాడు బాషా.

క్యాను నీళ్ళని ఒకరు, వాన నీళ్ళని ఒకరు. కొట్లాట ముదిరి, టీ వచ్చి, చివరికి బాషా తన ఇంట్లోంచి అసలు కూలెంటే తెచ్చి పై గీత దాకా పోశాడు. గంటన్నర గడిచింది. ఆ పూట జయరామప్ప అన్నం రెండోసారి కూడా పెట్టుకుని తిన్నాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ బానెట్ ఎత్తాడు. బాషా తొంగి చూసి, "అంతా సరిగ్గానే ఉండాది. మూసెయ్" అని రెండు నిమిషాల్లో వెళ్ళిపోయాడు.

ఆ వచ్చిన శనివారం సాయంత్రం, బాషా మసీదుకు పోయే వేళ చూసి, జయరామప్ప అలమరలోంచి ఒక పెద్ద సిరంజి తీశాడు. సూది లేనిది. అంబికకు చివరి రెండు నెలలూ ముక్కులోని గొట్టంలోకి రాగి గంజి ఎక్కించింది దాంతోనే. పారేయబుద్ధి కాలేదు. దాన్ని డబ్బాలో పెట్టి కూలెంట్ లాగాడు. కింది గీతకు అరంగుళం కిందికి వచ్చాక ఆపి, లాగినదంతా సీసాలో పోసి, సిరంజిని గుడ్డలో చుట్టి, రెండూ డిక్కీలో దాచాడు. తెల్లారి అందరి ముందూ ఆ సీసాతోనే నింపాడు. ఏ నీళ్ళు మంచివన్న కొట్లాట మొదటికొచ్చింది. టీ వచ్చింది.

పదకొండు నెలలు. అదే కూలెంట్ శనివారం బయటికి, ఆదివారం లోపలికి. ఆ కారు ఎక్కడికీ పోకుండా అంత తాగడం చూసి గురుమూర్తి దానికి "మా బావ" అని పేరు పెట్టాడు.

బాషాకు మాత్రం నవ్వు తగ్గుతూ వచ్చింది. కారు కింద పడుకుని చూశాడు, చుక్క లేదు. ఇంజనాయిల్ వేలికి రాసుకుని చూశాడు, తేడా లేదు. తనకు దొరకని లీకు ఒకటి ఎదురింట్లో ఉందంటే అతనికి అన్నం సహించడం లేదు.

"జయరామప్పా, ఇంజనే తాగుతాండాది," అన్నాడొక ఆదివారం. "లోపల గాస్కెట్ పోయిండాది. దొడ్డబళ్ళాపురంలో నా శిష్యుడు శ్రీనివాసులు ఉండాడు. వచ్చే ఆదివారం బండి పంపిస్తాడు, కట్టి లాక్కొని పోదాం. ఇంజను విప్పల్ల. నెల పడుతుందో రెండు నెలలో. నేనే దగ్గరుండి చూస్తా."

"నీ మోకాళ్ళు బాగలేవు గదా భాయ్. అంత దూరం ఎట్ల పోతావు?"

"బస్సులు లేవా? చచ్చే లోపల ఈ లీకు యాడుండాదో చూడాల నేను."

శనివారం సాయంత్రం జయరామప్ప సిరంజి చేతపట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. లాగితే, ఏ జబ్బూ లేని ఇంజనును విప్పడానికి ఆ ముసలాయన కుంటుకుంటూ బస్సులెక్కుతాడు. లాగకపోతే, రేపు రెండు నిమిషాలు. ఎల్లుండి నుంచి బోల్టులు.

లాగలేదు.

ఆదివారం కూలెంట్ పై గీత దగ్గర నిండుగా ఉంది. గురుమూర్తి చూసి, "మా బావ మానేసినట్లుండాడు. శ్రీనివాసులుకు ఫోన్ చేసి రావద్దని చెప్పు భాయ్" అని పాలబూత్‌కు వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు పాల ప్యాకెట్లతో కదిలారు. బాషా మాత్రం కదల్లేదు. డబ్బా వంక, జయరామప్ప వంక మార్చి మార్చి చూశాడు. మూత చుట్టూ మరక తుడవాలని గుడ్డ కోసం డిక్కీ తెరిచాడు.

జయరామప్ప వద్దనే లోపే గుడ్డ విప్పాడు. సిరంజి మొన పచ్చగా ఉంది. పక్కన ఖాళీ సీసా.

"ఇది మీ ఇంటామెకు గంజి పోస్తాంటివే, అదే గదా?"

జయరామప్ప తలూపాడు.

బాషా సిరంజి పిడిని వెనక్కి లాగి, ముందుకు నొక్కి చూశాడు. "ఈ కూలెంట్‌కు రబ్బరు ఉబ్బుతాదప్పా. ఇంగ దీంట్లో లాగద్దు. పాడైపోతాది," అన్నాడు. దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి ఎక్కడిదక్కడ పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఎదురింటి తలుపు చప్పుడైతే జయరామప్ప కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాడు. మళ్ళీ ఆదివారం వచ్చింది. బానెట్ ఎత్తలేదు. ఎత్తకుండా ఇంట్లో ఉండలేక, వెళ్ళి స్టీరింగు వెనక కూర్చుని అద్దాలు పైకెత్తుకున్నాడు. పాల ప్యాకెట్లు అటూ ఇటూ పోయాయి. ఒక్కరూ ఆగలేదు. మూసిన బానెట్‌లో చూడ్డానికేముంది?

కాసేపటికి ఎడమ తలుపు తెరుచుకుంది. బాషా ఒక చేత్తో రెండు టీ గ్లాసులు పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని, మూలుగుతూ ఎక్కాడు. ఆ సీటులో ఇన్నాళ్ళుగా ఎవరూ కూర్చోలేదు. అంబిక పొట్టిది, సీటు బాగా ముందుకు జరిపి ఉంది. బాషా మోకాళ్ళు వెళ్ళి డాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి. ఒక గ్లాసు జయరామప్పకిచ్చి, సీటు వెనక్కి జరపడానికి కింద మీట కోసం తడిమాడు.

"అది జరపద్దు భాయ్," అన్నాడు జయరామప్ప.

బాషా చెయ్యి ఆగిపోయింది. ఆ చెయ్యి పైకి తీసి, కాళ్ళు ఎలాగో మడుచుకుని, టీ ఊదుకున్నాడు.

"ఇంజను బాగుండాదా?"

"బాగుండాది."

టీ అయ్యేదాకా ఇద్దరూ ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు.