కార్వర్ ఫాల్స్ పేరు విప్పని డోలోరెస్

డోలోరెస్ హ్రిన్కోకు మంచు మీద ఆడే హాకీ రాదు, ఆ మంచు మీద నిలబడటం కూడా రాదు. అయినా ముప్పయ్యొక్క ఏళ్లపాటు కార్వర్ ఫాల్స్‌లో ఆమె సూది తగలని చొక్కా ఏదీ ఆటలోకి దిగలేదు.

చిన్న లీగు బతుకే అంత. ఆటగాడు ఇవాళ ఉంటాడు, రేపు ఇంకో ఊరి బస్సెక్కుతాడు. పోయినవాడి పేరు వీపు మీదినుంచి విప్పి, వచ్చినవాడి పేరు అదే చొక్కాకు కుట్టాలి. జట్లూ అలాగే వచ్చి పోయాయి. హామర్స్ అనే జట్టు దివాలా తీసింది, దాని తర్వాత వచ్చింది మూడేళ్లకే మూటకట్టింది, తర్వాత ఆరేళ్లు ఊళ్లో ఆటే లేదు, ఆపైన ఇప్పటి జట్టు వచ్చింది. రంగులు మారాయి, బొమ్మలు మారాయి. ఛాతీ మీద ఊరి పేరు మాత్రం మారలేదు. ఉక్కు మిల్లు మూతపడిన చలికాలం, పనులు పోయిన జనమే నాలుగువేల మంది వచ్చి ఆ పేరును గొంతు చించుకుని అరిచారు. అది తలుచుకుంటే డోలోరెస్‌కు ఇప్పటికీ గుండె పొంగుతుంది.

ముప్పయ్యొకటో ఏడు ఏప్రిల్‌లో జట్టు యజమాని టాల్‌మడ్జ్ ఇరవైరెండు చొక్కాల పెట్టెతో ఆమె వంటింట్లోకి వచ్చాడు.

"డోలోరెస్ గారూ, జట్టును పామ్ హేవెన్ ఊరికి మారుస్తున్నాం. ఛాతీ మీది పేరు విప్పి ఈ కొత్తది కుట్టేయండి."

"ఆదివారం ఇక్కడ ఆఖరాట ఉందిగా?"

"అదీ కొత్త పేరుతోనే. ఫోటోలు తీయించాలి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మన గడ్డ మీద, మన జనం ముందు, మన కుర్రాళ్లు ఎవడి ఊరి పేరో తగిలించుకుని ఆడాలా! పైకి మాత్రం "పెట్టె అక్కడ పెట్టండి" అంది.

మర్నాడు భర్త జో తొంగిచూశాడు. "ఏమే, విప్పుతున్నావా?"

"విప్పడమా? బిగిస్తున్నా."

గోల్‌కీపర్ కాళ్లకు కట్టే ప్యాడ్లు కుట్టే మైనపు దారంతో, ఒక్కో అక్షరం చుట్టూ నాలుగేసి వరసలు వేసింది.

ఆదివారం ఆటకు ముందు జట్టు గదిలో, డోలోరెస్ తెచ్చిన చొక్కాలు చూసి టాల్‌మడ్జ్ మండిపడ్డాడు. కత్తెర తీసుకుని కెప్టెన్ లెడూ చొక్కా మీద పడ్డాడు. అక్షరం ఊడలేదు, గుడ్డ పొట్టదాకా చిరిగింది.

"రేపటినుంచి నీకిక్కడ పనిలేదు!" అని డోలోరెస్ మీద అరిచాడు.

"జట్టే పోతుంటే పనెక్కడిది నాయనా? జట్టు నీది, పట్టుకుపో. ఊరి పేరు మాత్రం నీ అబ్బ సొత్తు కాదు."

లెడూ ఆ చిరిగిన చొక్కాను అతని చేతిలోంచి లాక్కుని తొడుక్కున్నాడు. "పదండ్రా" అన్నాడు.

ఐదు గోల్స్‌కు రెండే కొట్టి ఓడిపోయారు. జనంలో ఎవరూ లేచి వెళ్లలేదు, అరుపులు ఆగలేదు. అప్పుడు ఆటగాళ్లు ఒక్కొక్కరే చొక్కాలు విప్పి మంచు చుట్టూ ఉన్న గాజుగోడ మీదుగా జనంలోకి విసిరేశారు.

సోమవారం ఉదయం టాల్‌మడ్జ్ వచ్చి డోలోరెస్ తలుపు బాదాడు. "నా చొక్కాలేవీ?"

ఆమె వాకిట్లోకొచ్చి వీధివైపు చూపించింది. రొట్టెల దుకాణం ముందు ముగ్గురు, బస్సు దగ్గర ఇద్దరు, ఛాతీ మీద కార్వర్ ఫాల్స్ అని ఉన్న ఆ చొక్కాలు వేసుకుని నిలబడ్డారు.

"అవిగో. వెళ్లి ఒంటిమీదినుంచి విప్పుకో, చూస్తాను."