గుర్రం మెట్ల మీద ఆగిన చోట

దయ్యాలంటే నాకు నవ్వులాట. మా కడప వైపు ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే ఆటపట్టించి నోరు మూయించేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. కానీ జెద్దాలో, పట్టపగలు, ఆసుపత్రిలో నా చెవులతో విన్నదాన్ని ఏమనాలో తెలియక ఇది రాస్తున్నాను.

ఖలీల్ అన్న సొంతూరు ప్రొద్దుటూరు. ఇద్దరం నీటి పంపులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. మా పాత సూపర్‌వైజరు ఇంగ్లండు ఆయన. రిటైరై వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు మాకు వదిలేశాడు. అన్నీ వాళ్ళ రేడియోలో ఎప్పుడో వచ్చిన హాస్య నాటికలు. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టుకుని చేసినవి కాబట్టి, వాళ్ళ నవ్వులు కూడా అందులో వినిపిస్తాయి.

మొదట్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పని మీద జిజాన్ అనే ఊరి దాకా బండిలో పోతూ, వాళ్ళు నవ్విన చోటల్లా మేమూ నవ్వేవాళ్ళం. వినగా వినగా అర్థం కాసాగింది. తర్వాత పిచ్చి పట్టింది. ఖలీల్ అన్న అన్నిటినీ ఫోన్లోకి ఎక్కించాడు. శుక్రవారం ఆయన నమాజు నుంచి రాగానే ఒక నాటిక పెట్టుకునేవాళ్ళం. మాదొక పందెం. రికార్డులో జనం నవ్వకముందే ఎవరు నవ్వితే ఆ పూట వంట వాళ్ళది.

అన్నకి గుర్రం నాటిక ప్రాణం. ఒక దొరగారింట్లో నౌకర్లు గుర్రాన్ని మేడ ఎక్కించడానికి తంటాలు పడుతుంటారు. అది సగం మెట్ల మీద ఆగిపోతుంది. అందరూ ఒక్క క్షణం మాటలు ఆపేస్తారు. ఆ నిశ్శబ్దంలో, జనం కంటే ముందే, అన్న ముక్కుతో గురకలాంటి శబ్దం చేసి పడీ పడీ నవ్వేవాడు.

"నవ్వాగక చస్తాండా రమణా. వంట నాదేలే," అనేవాడు.

పోయిన ఎండాకాలం పనిలో ఉండగానే కుప్పకూలిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టారు. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఊరి నుంచి ఆయన భార్య షంషాద్ వదిన రోజూ ఫోను చేసి ఒకటే అడిగేది, "కదిలినాడా? నీ మాట వింటాండాడా?" అని.

ఆ మధ్యాహ్నం విజిటింగ్ టైములో ఆయన చెవి పక్కన ఫోను పెట్టి గుర్రం నాటిక వేశాను. "అన్నా, ఒక్కసారి నవ్వన్నా. ఇంక ఎప్పటికీ వంట నేనే చేస్తా," అని ఏడుస్తూ బతిమాలాను. పక్కన మనుషులున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది.

గుర్రం మెట్ల మీద ఆగింది. ఆ నిశ్శబ్దంలో ముక్కుతో అదే శబ్దం, అదే నవ్వు. ఆ తర్వాతే జనం నవ్వారు.

అన్న మొహం చూశాను. కదల్లేదు. గొంతులో గొట్టం ఉన్న మనిషి నోట శబ్దం రాదు, అది నాకూ తెలుసు. మిగతా మంచాల వాళ్ళూ మిషన్ల మీదే ఉన్నారు. నా భ్రమేననుకుందును గానీ, సెలైను మారుస్తున్న కేరళ నర్సు చటుక్కున తిరిగి, "కౌన్ హసా, భయ్యా?" అంటూ, ఎవరు నవ్వారని హిందీలో అడిగింది. మా నాటికల సంగతి గానీ అన్న నవ్వు సంగతి గానీ ఆమెకి తెలియదు.

పరుగున పోయి డాక్టర్ని పిలుచుకొచ్చాను. ఆయన అన్న కళ్ళలోకి లైటు వేసి చూశాడు, గిల్లి చూశాడు. ఏ మార్పూ లేదన్నాడు. నేను నాటిక మళ్ళీ వేశాను. మళ్ళీ మళ్ళీ వేశాను. ఆ చోట ఉత్త నిశ్శబ్దమే.

ఆ సాయంత్రం వదిన అడిగినప్పుడు "నవ్వినాడు" అని చెప్పాను. ఆమె సంతోషం పట్టలేక వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు అన్న పోయాడు. జెద్దాలోనే మట్టి చేశాం. వదిన కడసారి చూపుకి కూడా నోచుకోలేదు.

మొన్న మళ్ళీ ఫోను చేసింది.

"నిజం చెప్పు రమణా. ఆయన నవ్వినాడా, నా కోసం చెప్పినావా?"

"నవ్వినాడు వదినా. నేను విన్నా."

ఆమెకి అది చాలు. నాకే చాలడం లేదు. ఆ నవ్వు మా అన్నదేనని ఎక్కడైనా ఒట్టేసి చెప్తాను. అది ఏ నోట్లోంచి వచ్చిందో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.