మూడో ఏడు కూడా అదే ప్రార్థన

ఎనభైల చివర మెల్‌బోర్న్‌లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు నెలకోసారి ఎవరో ఒకరింట్లో ప్రార్థనకు కూడేవి. ఆఖర్న ఎవరి అవసరాలు వాళ్లు చెప్పుకునేవారు. నాన్న ఎప్పుడూ ఒకటే అడిగేవారు: "మా అమ్మాయికి మెడిసిన్‌లో సీటు రావాలని ప్రార్థన చేయండి."

అప్పటికి నేను ఆస్టియోపతీలో చేరి రెండేళ్లు దాటింది.

నాన్న ఆసుపత్రిలో మత్తు డాక్టరు. మెడిసిన్‌కు నా మార్కులు చాలలేదన్న మాట నిజమే. కానీ ఒంటిని చేతులతో తడిమి, నొప్పి ఎక్కడ పుట్టిందో కనిపెట్టి, చేతులతోనే నయం చేసే ఈ చదువు మీద నాకు మనసు పడింది. మొదటి ఏడంతా వేళ్లకు సాధన. టెలిఫోన్ డైరెక్టరీలో కాగితం కింద వెంట్రుక పెట్టి, కళ్లు మూసుకుని, పైనుంచి వేలికొసలతో దాని జాడ పట్టాలి. అమ్మ తన జడలోంచి వెంట్రుక తీసి ఇచ్చేది. ఒకరోజు నాన్న గుమ్మంలో నిలబడి చూశారు.

"మసాజ్ చెయ్యడానికి అయిదేళ్లు యూనివర్సిటీకి వెళ్లాలా?"

నాన్న చదివిన అనాటమీయే నేనూ చదువుతున్నానని చెప్పాను. వినిపించుకోలేదు.

మూడో ఏడు ఒక ఆదివారం ప్రార్థన మా ఇంట్లోనే జరిగింది. నాన్న మళ్లీ అదే అడిగారు. ఆంటీలు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన నడిపించే అంకుల్ నా తల మీద చెయ్యి పెట్టబోయారు.

"అంకుల్, ప్లీజ్, ఆగండి," అన్నాను. "నాకు మెడిసిన్ వద్దు. థర్స్‌డే ప్రాక్టికల్ ఎగ్జామ్ ఉంది. దానికి ప్రే చెయ్యండి, చాలు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇంకో అంకుల్ అందుకున్నారు. "పోన్లెండి డాక్టర్‌గారూ, ముసలితనంలో మీ కాళ్లు పట్టడానికి పనికొస్తుంది."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అంతా వెళ్లాక నాన్న వంటింట్లోకి వచ్చి, "పదిమందిలో నా పరువు తీశావు," అన్నారు.

"రెండేళ్లుగా నెలనెలా మీరు తీస్తున్నది ఎవరి పరువు డాడీ?"

"నేను దేవుణ్ణి అడుగుతున్నా. నిన్ను కాదు."

ఆ పరీక్ష పాసయ్యాను. ఎలా చేశావని ఆయన అడగలేదు.

ఆఖరి ఏడు కాలేజీ క్లినిక్‌లో టీచర్ల ఎదుట మేమే రోగులను చూసేవాళ్లం. అమ్మకు ఏళ్ల తరబడి మెడనొప్పి. నాన్నకు చెప్పకుండా ట్రామెక్కి నా దగ్గరకు వచ్చేది. కొన్ని వారాలకు తల రెండు వైపులా తిప్పగలిగింది. నా సంతోషం పట్టలేక ఒకరోజు అన్నాల దగ్గర నేనే బయటపెట్టాను.

నాన్న తల ఎత్తలేదు. "నేనిచ్చిన టాబ్లెట్లు ఇప్పటికి పనిచేశాయన్నమాట."

నేను అమ్మ వైపు చూశాను. ఆమె ఆయన కంచంలో పప్పు వడ్డిస్తూ, "అంతే అయ్యుంటుంది లెండి," అంది. నాన్న మాటలకు అలవాటుపడ్డాను కానీ, అమ్మ నోట ఆ మాట వస్తుందని అనుకోలేదు. మరి ఆమె క్లినిక్‌కు రాలేదు. నేనూ రమ్మనలేదు.

పట్టా పుచ్చుకున్న రోజు నాన్న సూటు వేసుకుని వచ్చారు. ఇంటికి రాగానే గుంటూరుకు ఫోన్ కలిపి, నేను పక్కనే ఉండగా, నాయనమ్మకు గట్టిగా చెప్పారు: "మన పిల్ల డాక్టరైందమ్మా!"

ఆ తర్వాత రిసీవర్ నా చేతికిచ్చారు.