పద్మిని ఏరు దాటిన ఆదివారం

పద్మిని పంచాంగం తిరగేస్తుంటే మొదట్లో మంగాయమ్మ మురిసిపోయేది. ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తనివ్వని కూతురు కనీసం తిథులైనా నేర్చుకుంటోందని. ఆ కూతురికి కావలసింది తిథి కాదు, పోటు. పున్నమి వెళ్ళిన విదియ తదియల్లో సముద్రం బర్మాలోని యాంగోన్ నదిలోకి ఎగదన్నుతుంది. గట్టు పక్కనున్న ఇసుకమేట మీద నడుమెత్తు అల లేచి, రెండు ఫర్లాంగుల దూరం ఏటికి ఎదురు పరిగెడుతుంది. దాని మీద మనిషి పొడుగు తేలే పలక వేసుకుని నిలబడడం పద్మిని సరదా. సంగతి తెలిశాక మంగాయమ్మ పంచాంగాన్ని బియ్యం డబ్బాలో దాచింది, రోజూ అన్నం వండేది పద్మినేనన్న సంగతి మరిచిపోయి.

వారానికి ఆరు రోజులు పద్మిని మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీకి వెళుతుంది. నలభై కుట్టుమిషన్ల వరసకి ఆమె పెద్ద. ఎవరి కుట్టు వంకర పోయిందో చూసి విప్పించడం పని. పదేళ్ళ క్రితం ఒక ఆదివారం అవతలి గట్టునున్న దలా ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి ఫెర్రీలో తిరిగొస్తుంటే, ఒక బర్మా మనిషి పలక మీద బోర్లా పడుకుని ఫెర్రీ లేపిన అలల మీద జారుతూ కనిపించాడు. దిగాక వాకబు చేసింది. పేరు కో మ్యో, సంపాన్ అనే చిన్న పడవ నడుపుతాడు. "నాకూ నేర్పుతావా?" అని అడిగితే నవ్వాడు. పై ఆదివారం ఆమె లుంగీ ఎగగట్టుకుని గట్టు మీద ప్రత్యక్షమయ్యేసరికి నవ్వు ఆపాడు. చేపల పెట్టెల థర్మాకోల్ అతికించి, పైన ఫైబర్ పూసి ఇద్దరూ కలిసి పలక తయారు చేశారు. మొదటి ఏడాదంతా ఆమె బురదనీళ్ళు మింగడమే సరిపోయింది.

ఎందుకమ్మా ఇదంతా అని అడిగినవాళ్ళకి నదీమతల్లి, మమేకం లాంటి మాటలు ఆమె దగ్గర దొరకవు. ఆరు రోజులు పరాయి కుట్లు విప్పించే మనిషికి ఏడో రోజున, దేన్నీ సరిదిద్దక్కర్లేని అరనిమిషం దొరుకుతుంది. అంతే.

ఈ ఏడు అమ్మవారి పండగ ముందర చిక్కొచ్చింది. తామ్వే పేటలోని మన తెలుగువాళ్ళ గుడిలో ఘటం ఎత్తే హక్కు ఒకప్పుడు పద్మిని తండ్రి నీలకంఠానిది. ఆయన పోయాక, ఇంట్లో మగాడు లేడని అది వేరే ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు వయసులో ఉన్న మగపిల్లలంతా సైన్యంలో చేరి తీరాలన్న సర్కారు పిలుపు తప్పించుకుని థాయ్‌లాండ్ దారి పట్టారు. గుడి పెద్ద సత్యారావు మూడంతస్తుల మెట్లెక్కి వచ్చి, "మంగాయమ్మా, మీ గుంట మోస్తదేటి?" అని అడిగాడు. మంగాయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మర్నాడే పద్మిని చేతికి కంకణం కట్టారు.

కంకణం కట్టుకున్నవాళ్ళు ఘటం దించేదాకా ఏరు దాటకూడదు. ఇది అమ్మవారి ఆన అంటారు. రేవులో బస్తాలు మోసిన తాతల కాలంలో, కూలీలు అవతలి గట్టు మిల్లులకి జారిపోకుండా మేస్త్రీలు పెట్టిన ఆన అని నీలకంఠం చెప్పేవాడు. చెబుతూనే ఇరవై ఏళ్ళు దాన్ని తప్పకుండా పాటించాడు. ఏడాది మొత్తంలో పెద్ద పోటు సరిగ్గా పద్మినికి కంకణం ఉన్న రోజుల్లోనే, ఆదివారం పడింది.

"అల ఏట్లోనే గదే ఉంటది," అంది మంగాయమ్మ, పలకకి అడ్డంగా నిలబడి.

"ఏట్లో దిగితే దాటినట్టా? నాను ఈ గట్టెంట పొడుగ్గా ఎల్తాను. అడ్డంగా ఎల్లను."

"నిన్ను లాయరు సదువు సదివించాల్సింది."

"బేగొచ్చెత్తానమ్మా."

"నాలుగేళ్ళయిందే ఈ ఇంటికి ఘటం రాక." అని మంగాయమ్మ పలక ముందునుంచి పక్కకి తప్పుకుంది. తప్పుకోవడమే పద్మినికి గట్టిగా తగిలింది. అయినా వెళ్ళింది.

ఒంటిగంట దాటాక అల వచ్చింది, ఛాతీ ఎత్తున. పద్మిని లేచి నిలబడింది. ఇసుకమేట దాటింది, ఎప్పుడూ అల చచ్చిపోయే చోటు కూడా దాటింది, అల చావలేదు. అప్పుడు గట్టు దగ్గర్నుంచి ఒక ఇసుక పడవ ఆమె దారిలోకి ముక్కు తిప్పింది. దాన్ని తప్పించుకోవడానికి ఆమె నది మధ్యకి మళ్ళింది. అక్కడ పోటు ఆమెను పట్టుకుంది. ఇవతలి గట్టుకి చేరాలని ఎంత చేతులాడించినా లాభం లేకపోయింది. చివరికి మోకాళ్ళకి నేల తగిలింది. తలెత్తి చూస్తే దలా.

కో మ్యో పడవ వేసుకుని వచ్చాడు. కంకణం సంగతి అతనికి తెలుసు. "ఎవరూ చూడలేదు, పద్మినీ. ఎక్కు."

"కాళ్ళకి దలా బురద ఉంది."

"బురద మీద ఊరి పేరు రాసుంటుందా?"

పద్మిని నవ్వి పడవెక్కింది. నోరు మూసుకుంటే సరిపోతుంది. అమ్మవారిని మోసం చెయ్యడానికి ఆమెకు పెద్ద అభ్యంతరం లేదు. అమ్మని మోసం చెయ్యడానికి ఉంది.

ఇంటికొచ్చేసరికి సత్యారావు టీ తాగుతున్నాడు, ఊరేగింపు సంగతి మాట్లాడడానికి వచ్చి. "పెద్దయ్యా, నాను ఏరు దాటీసినాను," అంది గుమ్మంలోంచే. "కావాలని గాదు. ఇసుక పడవ అడ్డమొచ్చింది."

"అమ్మోరు పడవ నంబరు అడగదు గుంటా. కంకణం ఇప్పీ." కోపం లేకుండానే అన్నాడు. "పాపం నీలకంఠం. ఇంక ఈ ఇంట్లో ఏరు దాటనోళ్ళు ఎవులున్నారు?"

"నానున్నాను," అంది మంగాయమ్మ.

నిజమే. అరవై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి, నీళ్ళంటే భయంతో ఆమె దలా మొహం చూసి ఎరగదు. బంధువుల పెళ్ళిళ్ళకి కూడా పద్మినినే పంపేది.

సత్యారావు ఇబ్బందిగా కదిలాడు. "అది గాదు మంగాయమ్మా. నీలకంఠం పోయేక, నువ్వు... ఆడోళ్ళు ఏటంటారో..."

"అమ్మోరికి మాత్రం మొగుడున్నాడేటి?"

సత్యారావు ఖాళీ కప్పులోంచి ఇంకో గుక్క తాగాడు. తర్వాత ఆమె చెయ్యి చాపితే కంకణం కట్టాడు.

పండగనాడు పసుపు పూసిన ఘటం నెత్తిన పెట్టుకుని మంగాయమ్మ వీధిలోకి దిగింది. పైన దీపం, చుట్టూ వేపమండలు. పది అడుగులు వేసేసరికి ఘటం ఓ పక్కకి ఒరిగింది. డప్పులు తడబడ్డాయి. ఘటం ముందు పొయ్యడానికి నీళ్ళ బిందెతో పక్కన నడుస్తున్న పద్మిని చెయ్యి చాపబోయి ఆపుకుంది.

"అమ్మా, మోకాళ్ళు బిగబట్టకు. కిందకి సూడకు, దూరంగా సూడు."

"నువ్వు నోరుమూసుకుని నీళ్ళొయ్యే," అంది మంగాయమ్మ. అని, మోకాళ్ళు కొంచెం వదులు చేసి, వీధి చివర టీకొట్టు మీద చూపు నిలిపి నడిచింది.